ఇరవై ఒకటో కిలోమీటరు

ఎర్రగట్టు స్టేషన్ క్వార్టర్సు,
3 జూలై 1988

తమ్ముడు చిన్నరాములుకు మీ అక్క సోమమ్మ దీవించి రాయునది.

మేమిద్దరం బాగున్నాం. మరదలు మొగులమ్మ చెయ్యి కాలిందని రాశావు. కొబ్బరినూనె పూయమను. పసుపు అద్దవద్దు, మచ్చ పడుతుంది.

ఇక్కడ వాన పట్టుకుంటే వదలడం లేదు. పోయిన శుక్రవారం పన్నెండో కిలోమీటరు దగ్గర కొండ జారింది. వంతెన స్తంభం ఒకటి వాగులోకి ఒరిగిపోయిందట. దానితోపాటు ఫోను తీగలూ పోయాయి. అప్పటి నుంచి మా బండి రావడం లేదు. మా లైను మీద మనుషుల బండి ఏనాడూ లేదని నీకు తెలుసు. గని నుంచి మాంగనీసు రాయి కిందికి, ఖాళీ డబ్బాలు పైకి, అంతే. అయినా ఇరవై రెండేళ్లుగా ఆ కూత వినకుండా నేను పొయ్యి మీద ఎసరు పెట్టలేదు. ఇప్పుడు వంట ఎప్పుడు మొదలుపెట్టాలో కూడా తెలియడం లేదు.

నువ్వు పెళ్లికి ముందు ఒకసారి వచ్చావు కదా, గార్డు డబ్బాలో కూర్చుని. పెద్ద వంపులో బండి తిరిగేసరికి లోయకు అవతల, జలపాతం పక్కన మన ఇంజనే మనకు ఎదురుగా కనిపించింది. "అక్కా, గది ఇంకో బండా?" అని అడిగావు. మీ బావ ఇప్పటికీ ఆ మాట తలచుకుని నవ్వుతాడు.

ఆయన మాత్రం పని మానలేదు. కీమాన్ అంటే ఏం చేస్తాడని నువ్వు ఒకసారి అడిగావు. పట్టాలను పట్టి ఉంచే చీలలు వదులైతే సుత్తితో బిగిస్తాడు. పొద్దున్నే సుత్తి భుజాన వేసుకుని మా స్టేషన్ ఉన్న ముప్పై ఎనిమిదో కిలోమీటరు నుంచి కిందికి ముప్పై రెండు దాకా పోయి రావడం ఆయన డ్యూటీ. "బండే లేదు గదా, ఎవలి కోసం ఈ తిరుగుడు?" అన్నాను. "బండి లేనప్పుడే పట్టాలు పాడైతయి" అన్నాడు. వానలు పోగానే వంతెన కడతామని ఇంజనీరు చెప్పిపోయాడు.

ఇప్పుడు స్టేషన్లో రెండే సంసారాలం. మేమూ, బండికి పట్టాలు మార్చే పాయింట్స్‌మాన్ సత్తిబాబు వాళ్లూ. అతని భార్య కమలాకుమారికి ఏడో నెల. అత్తగారు హైమావతమ్మ కోడలిని గడప దిగనివ్వదు. సాయంత్రం అయితే నన్ను పిలిచి వేడివేడి ఉలవచారు పోస్తుంది. నాకు ఇక్కడ తల్లి లేని లోటు ఆమెతో తీరింది.

ఉంటాను.
మీ అక్క సోమమ్మ

---

లక్డారం,
21 జూలై 1988

అక్కకూ బావకూ తమ్ముడు చిన్నరాములు దండాలు.

ఉత్తరం అందింది. మొగులమ్మ చెయ్యి మానింది. ఇక్కడ వాన పడలేదు కానీ వాగులో నీళ్లున్నాయి, అవి ఫ్యాక్టరీల నీళ్లు. ఒకరోజు ఎరుపు, ఒకరోజు పసుపు. బర్రెలు కూడా మూతి పెట్టవు.

నేను మిల్లులో కొలిమి దగ్గరికి మారాను. పాత ఇనుము ఏదొచ్చినా ఎర్రగా కాల్చి, రోలర్ల మధ్య నుంచి లాగి, ఇంటి శ్లాబులకు వేసే సలాకలు చేస్తాం. వేడికి కనుబొమలు మాడిపోయాయి. మొగులమ్మ నన్ను చూసి "కోడిగుడ్డు లెక్క ఉన్నవ్" అంటోంది.

అక్కా, ఒక మాట. మా మిల్లు గేటు దగ్గర ఒక మనిషి కావాలట. సూపర్‌వైజర్ రాజారావు సారు మంచివాడు, నా మాట వింటాడు. బండి రాని స్టేషన్లో, ఆ అడవిలో, ఈ వయసులో ఎందుకు? బావను అడిగి చూడు. మన వాడలోనే ఇల్లు చూస్తాను.

నీ తమ్ముడు
చిన్నరాములు

---

ఎర్రగట్టు,
6 ఆగస్టు 1988

చిన్నరాములూ,

నీ ఉత్తరం మీ బావకు చదివి వినిపించాను. ఆయనకు అంకెలు తప్ప అక్షరాలు రావు కదా. గేటు మాట దగ్గర ఆపమన్నాడు. మళ్లీ చదవమన్నాడు. చదివాను. "నా పట్టాల మీద ఇరవై రెండేండ్లల్ల ఒక్క డబ్బా పడలే. ఇప్పుడు గేటు కాడ నిలవడి వచ్చే కారుకు, పొయ్యే కారుకు సలాం కొట్టాలెనా? నీ తమ్ముడు నన్ను గంతే అనుకున్నడా?" అన్నాడు. మూడు రోజులు సరిగ్గా తినలేదు.

నువ్వు మంచికే రాశావని నాకు తెలుసు. కానీ మనిషి అసలే బండి లేక దిగులుతో ఉన్నాడు. లైను పోయిందనే మాట ఆయన చెవిన పడేలా ఇకమీద ఏదీ రాయకు.

మొగులమ్మను అడిగానని చెప్పు.
సోమమ్మ

---

లక్డారం,
20 ఆగస్టు 1988

అక్కా,

బావకు కోపం వచ్చేలా రాశాను, తప్పయింది. కానీ ఈ సంగతి రాయకుండా ఉండలేను.

నిన్న పొద్దున మిల్లుకు మూడు లారీల పాత పట్టాలు వచ్చాయి. గ్యాసుతో ఆరడుగుల ముక్కలుగా కోసి ఉన్నాయి. కొలిమిలోకి తోసే ముందు ఒకదాని పక్కన అచ్చు కనిపించింది. చేత్తో తుడిచి చూశాను. మీ లైను గుర్తే. నేను అక్కడికి వచ్చినప్పుడు బావ నా వేలు పట్టుకుని తడిమించిన మూడు అక్షరాలు, కింద 1926. నాకు చేతులు ఆడలేదు. పక్కనున్న బిహారీ అతను "క్యా హువా భాయ్?" అని నన్ను వెనక్కి లాగాడు. రాజారావు సారు ఆ పూటకు నన్ను కూర్చోబెట్టాడు.

లారీ డ్రైవర్‌ను అడిగాను. "ఘాట్ లైన్ అన్నా. కిందికెల్లి కోసుకుంట పైకి పోతున్నరు. కూలిన వంతెన దాటిన్రు" అన్నాడు. ఎంత దూరం వచ్చారో అతనికి తెలియదు. మొత్తం లైను కాంట్రాక్టుకు ఇచ్చేశారట.

మీకు ఎవరూ చెప్పలేదా? బావతో చెప్పు. పట్టాల మీద ఆ నాలుగు చక్రాల ట్రాలీ వేసుకుని కిందికి పోవద్దని గట్టిగా చెప్పు. జవాబు వెంటనే రాయి.

చిన్నరాములు

---

ఎర్రగట్టు,
2 సెప్టెంబరు 1988

చిన్నరాములూ,

నీ ఉత్తరం ఆగస్టు ఇరవై ఎనిమిదిన సంత రోజు తపాలాలో వచ్చింది. గేటు మాట వదలవని అర్థమైంది. ఇరవై రెండేళ్లలో ఈ లైను మీద ఒక్క పట్టా మార్చాలన్నా మీ బావను పిలవకుండా మార్చలేదు. అలాంటిది లైనంతా కోసుకుపోతుంటే మాకు తెలియదా? ఎక్కడో మూలన పడేసిన పక్క లైను పట్టాలు నీ కంటపడి ఉంటాయి. మమ్మల్ని అక్కడికి రప్పించాలని నీకున్న ప్రేమ నాకు తెలుసు, కానీ దానికి ఇంత భయపెట్టాలా?

ఆయనకు చదవలేదు. చదవను. నా పెట్టెలో అడుగున పెట్టాను.

జీపు దారి కూడా వానకు తెగింది. కమలాకుమారికి తొమ్మిదో నెల దగ్గరపడింది. అంతా దేవుడి దయ.

సోమమ్మ

---

లక్డారం,
11 సెప్టెంబరు 1988

అక్కా,

ఇది గేటు ముచ్చట కాదు. నా పిల్లల మీద ఒట్టు. ఈ వారం ఇంకా ఐదు లారీలు వచ్చాయి. వాటిలో మన పెద్ద వంపు కింది సొరంగం దగ్గరి కిలోమీటరు పలక ఒకటి ఇనుముతో పాటు వచ్చింది. దాని మీద 20 అని ఉంది. టెలిగ్రాం ఇద్దామని సంగారెడ్డి పోయాను, మీ వైపు తీగ లేదు, తపాలాలోనే పోతుందన్నారు. అందుకే ఈ ఉత్తరం.

ఇది అందిన నిమిషమే బావ ముందు కూర్చుని చదువు. నన్ను తిడితే తిట్టనీ.

చిన్నరాములు

---

ఎర్రగట్టు,
14 సెప్టెంబరు 1988

తమ్ముడూ,

నా ఉత్తరానికి నువ్వు జవాబు రాశావో లేదో తెలియదు, నాకైతే ఇంకా ఏదీ అందలేదు. ఇప్పుడు ఏది అందినా ఒకటే. అక్షరాలు వంకర పోతున్నాయి. పోల్చుకోలేకపోతే మొగులమ్మతో కలిసి చదువుకో.

మొన్న సోమవారం పొద్దున ఎనిమిది గంటలకు కమలాకుమారికి నొప్పులు మొదలయ్యాయి. బిడ్డ అడ్డం తిరిగిందని హైమావతమ్మ కడుపు మీద చెయ్యి పెట్టి చెప్పింది. జీపు దారి లేదు. సత్తిబాబు పరుగున వచ్చి మీ బావతో "సంగప్పన్నా, ట్రాలీ తియ్యన్నా, వంతెన కాడికి ఎల్లిపోతే అవతల రోడ్డు మీద ఏదో ఒక బండి దొరుకుద్ది" అన్నాడు. పోయిన ఏడాది గని మేస్త్రీకి పాము కరిచినప్పుడు అలాగే తీసుకుపోయి బతికించారు. వాలు కదా, ఎవరూ తొయ్యక్కర్లేదు, చేతి బ్రేకు పట్టుకుంటే చాలు, ట్రాలీ దానంతట అదే గంటలో దిగిపోతుంది.

మీ బావ ట్రాలీ పట్టాల మీద పెట్టాడు. కమలాకుమారిని పడుకోబెట్టి తల హైమావతమ్మ ఒళ్లో పెట్టాం. సత్తిబాబు వెనక ఎక్కాడు. నేనే దుప్పటి కప్పాను. తమ్ముడూ, నీ ఉత్తరం నా నోటి దాకా వచ్చింది. ఇప్పుడు చెబితే ఆయన అప్పుడే ఎందుకు చెప్పలేదంటాడు, అటు ఆ పిల్ల కేకలు, పైగా నాకు నువ్వు రాసింది నిజమన్న నమ్మకం లేదు. "జెర మెల్లగ పోనియ్యి" అని మాత్రం అన్నాను. ఆయన నవ్వాడు. "నా పట్టా మీద నాకే జెప్తవా?" అన్నాడు. మంచులోకి పోయారు. చక్రాల చప్పుడు చాలాసేపు వినపడింది.

తరవాతది నిన్న పైకి వచ్చిన సత్తిబాబు చెప్పాడు. పెద్ద వంపు దాటారు. కింది సొరంగంలోకి దూరారు. సొరంగం బయట తెల్లగా మంచు. ఇరవై ఒకటో కిలోమీటరు పలక పక్కగా పోయింది. మీ బావ ఒక్కసారి "పట్టా లేదు!" అని అరిచి రెండు చేతులతో బ్రేకు మీద పడ్డాడట. ముందర ఏమీ లేదు. పట్టా లేదు, పట్టా కింది చెక్క లేదు, ఒట్టి కంకర, పట్టాలు కోసేటప్పుడు పక్కకు పారేసిన చీలలు. ట్రాలీ కంకరలోకి దూకి బోల్తా పడింది. హైమావతమ్మ కోడలిని రెండు చేతులతో పొదివి పట్టుకునే ఉంది. ఆమె తల పక్కన కొండరాయికి తగిలింది. అక్కడే పోయింది.

మీ బావ కుడికాలు మోకాలి కింద రెండు చోట్ల విరిగింది. ఆయన పాకుతూ పోయి కమలాకుమారి చెయ్యి పట్టుకున్నాడట. సత్తిబాబు తల్లిని చూడాలా, భార్యను చూడాలా తెలియక కేకలు పెడుతుంటే, ఆ కేకలకు కింద పట్టాలు కోస్తున్న కూలీలు పైకి వచ్చారు. అందులో ఇద్దరు ఆడవాళ్లున్నారు. వాళ్లు ఆమెను పక్కకు తిప్పి, పొట్ట పట్టి, ఆ కంకర మీదే కాన్పు చేశారు. ఆడపిల్ల. తల్లీ పిల్లా బతికారు. ఆ కూలీలే తల్లీబిడ్డలనూ, మీ బావనూ, హైమావతమ్మ శవాన్నీ తమ మంచాల మీద మోసి వంతెన అవతలికి చేర్చారు.

ఇంజనీరు వచ్చాడు. లైను తీసేస్తున్నట్టు నోటీసు కింది జంక్షన్‌లో అంటించామన్నాడు. తీగ తెగిన స్టేషన్‌కు ఎవరూ మనిషిని పంపలేదు. పైగా అనుమతి లేకుండా ట్రాలీ ఎందుకు తీశావని ఆసుపత్రి మంచం మీదున్న మీ బావ దగ్గర వేలిముద్ర తీసుకున్నారు.

చిన్నరాములూ, నీ ఉత్తరం పెట్టె అడుగున ఉంది. నేను చదివినదాన్ని. హైమావతమ్మను నేను చంపాను. ఈ మాట ఎవరికీ చెప్పకు. ముఖ్యంగా ఆయనకు.

సోమ

---

లక్డారం,
24 సెప్టెంబరు 1988

అక్కా,

ఉత్తరం చదివాక మొగులమ్మ పొయ్యి ఆర్పేసింది, ఆ పూట వండలేదు. నేను డ్యూటీకి పోయాను కానీ కొలిమి మూత తీయలేకపోయాను. ఆ రోజు ఎర్రగా కాలుతున్నవి ఆ ఇరవై ఒకటో కిలోమీటరువేనేమో.

నువ్వు చంపలేదు. చెప్పాపెట్టకుండా పట్టాలు కోసినవాళ్లు చంపారు. నేనైనా ఉత్తరాలు రాసి ఊరుకోకుండా బస్సెక్కి రావలసింది. నీ ఉత్తరం అందినప్పటి నుంచి ఇదే అనుకుంటున్నాను.

ఎవరికీ చెప్పను. డాక్టర్లు బావను నడవనిచ్చాక ఇక్కడికి తీసుకొస్తాను. నువ్వూ రా.

తమ్ముడు

---

ఎర్రగట్టు,
18 డిసెంబరు 1988

తమ్ముడూ,

మీ బావను నీతో పంపినప్పుడు నేను ఎందుకు రాలేదని మొగులమ్మ కోపంగా ఉందట. కోపం వద్దు. లైను మూసేసినట్టు కాగితం వచ్చింది. సత్తిబాబు వాళ్లు గని వాడలోకి మారారు, మన క్వార్టరుకు రెండు కిలోమీటర్లు. కమలాకుమారికి పాలు చాలడం లేదు, నడుం లేవడం లేదు. ఇంట్లో పెద్ద దిక్కు లేదు. రోజూ పొద్దున పోయి పిల్లకు నీళ్లు పోసి, వంట చేసి, చీకటి పడకముందే వస్తున్నాను. సత్తిబాబు నిన్న నాతో "మా అమ్మే నిన్ను మాకు అప్పజెప్పి పోనాది సోమమ్మక్కా" అన్నాడు. నేను పిల్ల బట్టలు ఉతికే నెపంతో బయటికి పోయాను.

ఆయనకు రాత్రిపూట కాలు తిమ్మిరెక్కుతుంది, గుడ్డ తడిపి కట్టు.

సోమమ్మ

---

లక్డారం,
5 ఫిబ్రవరి 1989

అక్కా,

బావ ఈ ఉదయం చెప్పకుండా బయలుదేరాడు. ఈ ఉత్తరం కంటే ముందే నీ దగ్గరికి చేరవచ్చు. చేరకముందే నీకు తెలిస్తే బాగుండేది.

కాలు కట్టు విప్పాక బావ రోజూ ఒకటే అడుగుతున్నాడు, పట్టాలు చూపించమని. నిన్న తీసుకుపోయాను. యార్డులో ఇంకా ఒక కుప్ప మిగిలి ఉంది. బావ కర్ర పక్కన పెట్టి వాటి మధ్య కూర్చున్నాడు. ఒక్కొక్క ముక్కను తడిమాడు. "ఇది పెద్ద వంపుల బయటి పట్టా. చక్రం ఒరుసుకొని గీ పక్క అరిగింది సూడు" అని బిహారీ వాళ్లకు చూపించాడు. భాష రాకపోయినా వాళ్లు పని ఆపి విన్నారు. బావ ముఖంలో ఇన్ని నెలల తరవాత కొంచెం వెలుగు చూశాను.

అప్పుడు రాజారావు సారు వచ్చి, జాలిపడి, మంచికే అన్నాడు. "ఆగస్టులో మొదటి లోడు రాగానే మీ బామ్మర్ది గుర్తుపట్టాడండీ. ఆ రోజు పని చెయ్యలేకపోయాడు పాపం."

బావ నెమ్మదిగా నా వైపు తిరిగాడు.

"ఆగస్టుల సూసినవా?"

"సూసిన బావా."

"మరి రాయలేదేంది?"

అక్కా, నాకు నీ ముఖమే కళ్ల ముందు మెదిలింది. "మరిచిన" అన్నాను.

"మరిచినవా." అంతే అన్నాడు. కొలిమి మంట ఆయన ముఖం మీద ఆడుతోంది. మళ్లీ అన్నాడు, "ముసలామె ప్రాణం పోయింది రా. మరిచినవా?"

ఇంటికి వచ్చి కంచం ముట్టలేదు. మొగులమ్మ చెయ్యి పట్టుకుంటే విడిపించుకున్నాడు. తెల్లవారి చూస్తే సంచీ లేదు.

నేను చెప్పిన మాటే నిలబెట్టు. నేను దూరాన ఉన్నవాణ్ని, నా మీద కోపం ఎప్పుడో పోతుంది. నీ మీద కోపం వస్తే ఒకే కప్పు కింద రోజూ బతకాలి. ఆ పాత ఉత్తరం పొయ్యిలో వేసెయ్.

చిన్నరాములు

---

ఎర్రగట్టు,
19 ఫిబ్రవరి 1989

నా తమ్ముడు చిన్నరాములుకు,

మీ బావ చేరాడు. మూడు రోజులు నిన్ను తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాడు. "నీ తమ్ముడు మనిషే కాదు. మన గడప తొక్కనియ్యకు" అన్నాడు. నేను తలాడించి అన్నం వడ్డించాను. ఆ మూడు రోజులు నా చేతి అన్నం నాకే చేదైంది. నాలుగో రోజు నీ ఉత్తరం వచ్చింది. చదివాను. నా కోసం నువ్వు ఏం మోస్తున్నావో అప్పుడు తెలిసింది.

నిన్న మధ్యాహ్నం ఆయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు. పెట్టె తెరిచి, అడుగు నుంచి నువ్వు ఆగస్టు ఇరవైన రాసిన ఉత్తరం తీశాను. పక్కన కూర్చుని ఇంకేమీ చెప్పకుండా తారీఖుతో సహా మొదలుపెట్టి చదివాను. 'ట్రాలీ వేసుకుని కిందికి పోవద్దని గట్టిగా చెప్పు' అన్న మాట కూడా వదలలేదు. నీ సంతకం దాకా చదివాను.

"ఎప్పుడొచ్చింది ఇది?" అన్నాడు.

"ఆగస్టు ఇరవై ఎనిమిదిన."

"నువ్వు సదివినవా?"

"సదివిన."

ఆయన నా వంక చూసిన చూపు నేను చచ్చేదాకా మరిచిపోను. కోపం కాదు. ఈమె ఎవరు అన్నట్టు చూశాడు. లేచి, కర్ర తీసుకోకుండానే గోడ పట్టుకుని ప్లాట్‌ఫాం మీదికి పోయాడు. పట్టాలు పీకేసిన చోట గడ్డి మొలిచింది. ఎండ కొండ వెనక్కి పోయేదాకా అక్కడే నిలబడ్డాడు. నేను పిలవలేదు. 

లోపలికి వచ్చి "ఇంకోపారి సదువు" అన్నాడు. చదివాను.

అప్పుడు అన్నాడు. "నువ్వు గప్పుడే సదివినా నేను నమ్మకపోదును. నీ తమ్ముడు గేటు నౌకరి కోసం రాసిండనే అందును. ట్రాలీ తీసేటోన్నే."

తమ్ముడూ, ఆ మాట నిజంగా అన్నాడో, నన్ను నిలబెట్టడానికి అన్నాడో నాకు తెలియదు. అడగను. నీకు మాత్రం రాయమన్నాడు, "వాని ముంగట నేనే పోయి తప్పైందంట" అని. నీ అబద్ధానికి ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

ఇంత జరిగాక గండం గడిచిందనుకున్నాను. పొద్దున పిల్లకు నీళ్లు పోయడానికి బయలుదేరుతుంటే ఆయన కూడా లేచి చెప్పులు వేసుకున్నాడు.

"నాకు చెప్పినవు, మంచిగైంది. తల్లి పోయింది సత్తిబాబుకు. ఆయనకెవలు చెప్పాలె?" అన్నాడు.

నా కాళ్లు గడప దగ్గరే ఆగిపోయాయి. "చెప్తే ఇగ ఆ పిల్లను నా చేతికిస్తరా?" అన్నాను.

"ఇయ్యకపోవచ్చు" అన్నాడు. "పా."

ఇది అక్కడే నిలబడి, దర్వాజా మీద కాగితం పెట్టి రాస్తున్నాను, మనసు మారకముందే నీకు తెలియాలని. ఆయన కర్ర పట్టుకుని వాకిట్లో ఎదురు చూస్తున్నాడు. కంకర మీద ఆయన నడక కష్టం, నేను చెయ్యి పట్టుకోవాలి.

పోతున్నాం.

మీ అక్క
సోమమ్మ